దోటి రంపముతో పైకొమ్మల కత్తిరింపు

మామిడి కాపు ముగిసి తొలకరి చినుకులు పడు నాటికి తోటలో చేయదగిన పనులలో కొమ్మల కత్తిరింపు మొదటిది. ఈ సంగతి నెఱుగని రైతు మన ప్రాంతమున అరుదు. ఎఱిగియుండియు పెక్కుమంది దానిని ఏటేట వాయిదా వేయుచున్నారు. దీనికి బద్ధకము కారణము కాదు. చేతి కందు కొమ్మలను కత్తితోనో చేతిరంపముతోనో తీసివేయవచ్చును. పైకొమ్మలను తీయవలెనన్నచో చెట్టెక్కు మనుష్యుడు కావలెను. అట్టి నేర్పరులు నానాటికి తగ్గిపోవుచున్నారు. ఒక్కడు దొరికినను, అతడు ఇరువదడుగుల యెత్తున తడికొమ్మపై కాలూని, ఒక చేత కొమ్మను పట్టుకొని వేఱొక చేత కత్తి విసరుచుండగా, క్రింద నిలిచి చూచువానికి ఊపిరాడదు.

చెట్టుమీదినుండి జాఱి పడినవాడు ప్రాణము దక్కించుకొన్నను నడుము విఱిగి మంచము పట్టుట గలదు. ఒక దినపు కూలికై వచ్చిన మనుష్యుని యింట జీవితకాలపు కష్టము ప్రవేశించును. ఎండుకొమ్మ తీయించుకొన్న యజమానికి దానివలన కలుగు లాభ మెంత? ఈ రెండింటిని త్రాసులో బెట్టి చూచినచో, చెట్టెక్కకయే కొమ్మ కోయు ఉపాయ మేదైన నున్నదా యని విచారించుట మన విధి యని తోచును. అట్టి ఉపాయము గలదు. బ్యాటరీతో నడచు దోటి రంపమును గూర్చియే యీ పాఠము.

పనిముట్టు స్వరూపము

మన యిండ్లలో దోటి లేని యిల్లు లేదు. పొడవైన వెదురుకఱ్ఱ కొనకు కొక్కెమో కొడవలియో కట్టి, దానితో కాయలు కోయుదుము. మేకలకు ఆకుకొమ్మలు లాగుదుము. దోటి రంపము ఈ దోటికి పెద్దకొడుకు వంటిది. వెదురునకు బదులు అల్యూమినియపు గొట్టమో, గాజునారతో చేసిన గొట్టమో యుండును. కొడవలికి బదులు కొనయందు ఒక ఇనుప పలకయు, దాని అంచు చుట్టు పరుగెత్తు పండ్ల గొలుసును ఉండును. చిన్న మోటారు ఆ గొలుసును త్రిప్పును. బజారులో దీనిని పోల్ సా అందురు. ఇనుప పలకను బారు అందురు. బారు సాధారణముగ 8 అంగుళములు గాని 10 అంగుళములు గాని నిడివి గలది. గొట్టమును తగ్గించుకొనుటకును పొడిగించుకొనుటకును వీలుండును. యంత్రము మొత్తము బరువు చాలవాటిలో 4 మొదలు 6 కిలోల వఱకు నుండును. నేలపై నున్నపుడు ఇది గొప్ప బరువు కాదు. కాని చాచిన చేతుల కొనను ఎత్తి పట్టినపుడు పది నిమిషములలో భుజములకు తెలియును.

గొలుసురంపము చరిత్ర కొంత తెలిసికొనుట మంచిది. జర్మనీదేశమున ఆండ్రియాస్ స్టిల్ 1926లో విద్యుత్తుచే నడచు గొలుసురంపమును నిర్మించెను. ఆనాటి రంపములను మోయుటకు ఇద్దఱు మనుష్యులు కావలసియుండిరి. వాటి పండ్లు త్వరగా మొద్దువాఱుచుండెను. 1946లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలప పనివాడు ఒక మొద్దులోని పురుగు కలపను తొలుచుట చూచెను. ఆ పురుగు దవడలతో కుడిప్రక్కను ఒకసారి, ఎడమప్రక్కను ఒకసారి కొఱుకుచు, నిలువునకును అడ్డమునకును సమానముగ తొలుచుకొని పోవుచుండెను. అతడు దాని దవడలవంటి పండ్లను కుడియెడమలుగ గొలుసునకు అమర్చి, 1947లో అమ్మ నారంభించెను. నేటి గొలుసురంపములలో పెక్కింటి పండ్లు ఆ మాదిరివే. మన మామిడి కాండమును తొలిచి చెట్టును చంపు పురుగు కూడ ఆ పురుగు కుటుంబములోనిదే. శత్రువునొద్ద నేర్చిన విద్య మన చెట్లను బాగుచేయుటకు వచ్చినది.

బ్యాటరీ సంగతి. 1991లో జపానుదేశపు సోనీ కంపెనీవారు లిథియం అయాను బ్యాటరీని మొదట బజారులో బెట్టిరి. దానిని అభివృద్ధిచేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. సెల్‌ఫోనులో నుండునదియు ఈ జాతి బ్యాటరీయే. 18 వోల్టుల 4 ఆంపియరుగంటల బ్యాటరీ తనలో 72 వాట్‌గంటల శక్తిని నిలుపును. మన మీటరులో ఒక యూనిటు అనగా 1000 వాట్‌గంటలు. కావున ఛార్జరులో కొంత వ్యర్థమైనను, ఒక్క యూనిటు కరెంటుతో అట్టి బ్యాటరీని పది సారులైనను నింపవచ్చును. పెట్రోలు వాసన లేదు. త్రాడు లాగి యంత్రమును లేపు శ్రమ లేదు. పొలమున తీగ పఱచుకొను పని లేదు.

ఏ కొమ్మ, ఏ కాలము

పనిముట్టు చేతికి వచ్చినంతనే కనబడిన కొమ్మ నెల్ల కోయరాదు. కోయదగినవి నాలుగు విధములు. మొదటిది, ఎండినవియు తెగులు పట్టినవియు. రెండవది, ఒకదానిపై నొకటి ఒరసికొని బెరడు పోగొట్టుకొనుచున్నవి. మూడవది, చెట్టు నడుమ దట్టముగ పెరిగి గాలిని వెలుతురును అడ్డగించునవి. నాల్గవది, బదనిక పట్టినవి.

బదనికను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఈ పరాన్నమొక్క మామిడి కొమ్మలలో వేళ్లు దింపి చెట్టు రసమును పీల్చుకొనును. దాని పండ్లను తిన్న పిట్టలు జిగురుగింజలను వేఱొక కొమ్మపై వదలును. ఆకులు మాత్రము దూసివేసినచో అది మరల చిగిర్చును. అది అంటుకొనిన చోటికి కనీస మొక అడుగు క్రిందుగ కొమ్మనే కోసివేయవలయును. బదనిక తఱచుగ పైకొమ్మలనే పట్టును గనుక, మన తోటలలో ఇది ఏండ్లతరబడి ఎవ్వరి చేతికిని అందక వ్యాపించుచున్నది. దోటి రంపమువలన కలుగు ఉపకారములలో ఇది ముఖ్యమైనది.

కాలము కూడ ముఖ్యమే. మామిడి బాగుగ ముదిరిన కొమ్మల కొనలయందు పూయును. మన వైపు పూత డిసెంబరు, జనవరి మాసములలో వచ్చును. కాయ దిగిన వెంటనే, అనగా జూను, జులై మాసములలో కత్తిరించినచో, ఆ పిదప వచ్చు చిగురు పూతకాలమునకు ముదురుటకు వ్యవధి యుండును. ఆలస్యముగ కత్తిరించిన చెట్టు పూతకు బదులు లేతచిగురు వేయును. ఆ యేటి కాపు పోవును. మాడుగుల, రావికమతము కొండక్రింది జీడిమామిడి తోటలకును గింజ యేరుట ముగిసిన పిమ్మట కత్తిరించుటే తగును. ఎండుకొమ్మను మాత్రము ఏ కాలమునందైనను తీయవచ్చును.

ఒక్క యేట చెట్టు పచ్చదనములో నాల్గవ వంతునకు మించి తీయరాదు. ఆకే చెట్టునకు వంటయిల్లు. అంతకుమించి తీసినచో చెట్టు ఆకలిగొనును; నీడలో పెరిగిన బెరడుపై ఒక్కసారిగ ఎండ పడి పగులును. ముదుసలి తోటను పెద్ద కొమ్మలు కొట్టి పునరుద్ధరించుట వేఱు విద్య. దానికి ఉద్యానశాఖవారి సలహా పొందవలయును. చెట్టును మొదలంట నఱకుట కూడ మన పాఠములోనిది కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము దానికి అనుమతి కావలెను. రోడ్డుప్రక్కని చెట్టు మన పొలముపైకి వంగినను అది మనది కాదు.

తీగలను మఱువరాదు

ఇప్పుడు ఈ పాఠమునకెల్ల ముఖ్యమైన మాట. కొందఱు, “ఇది బ్యాటరీ యంత్రము గదా, దీనికి కరెంటు భయ మెక్కడిది?” అని యందురు. బ్యాటరీవలన భయము లేదు, నిజమే. భయము పైనున్న తీగవలన. మన పొలములమీదుగ పోవు లైన్లలో 11,000 వోల్టులవి గలవు. 18 వోల్టుల బ్యాటరీకంటె అది ఆఱువందల రెట్లు. అల్యూమినియపు గొట్టము విద్యుత్తునకు రాజమార్గము. గాజునార గొట్టమైనను, కొనయందు ఇనుమును లోపల తీగలును ఉన్నవి గనుక దానిని నమ్మరాదు. తడిసిన వెదురు దోటియు నట్టిదే. పచ్చికొమ్మలో నీరున్నది, తెగిన కొమ్మ తీగపై బడినచో, దానిని తాకియున్న రంపము ద్వారా విద్యుత్తు మనుష్యుని చేరగలదు. పెద్ద వోల్టుల తీగను తాకనే యక్కఱలేదు. మిక్కిలి దగ్గఱకు పోయినను అది గాలిలో దుముకును.

అందువలన పలు కంపెనీలు తమ యంత్రపుస్తకములలో, దోటి రంపమును కరెంటు తీగలకు 50 అడుగుల లోపల వాడరాదని వ్రాసియున్నవి. ఈ నియమమును మనము శిలాశాసనముగ గైకొనవలయును. పని మొదలుపెట్టకముందు చెట్టు చుట్టు ఒకమాఱు తిరిగి, నేలవైపు గాక ఆకాశమువైపు చూడవలయును. ఆకుల చాటున తీగ దాగియుండును. కొమ్మ తీగకు తగులుచున్నచో దానిని మనము ముట్టరాదు. 1912 నంబరునకు ఫోనుచేసి విద్యుత్తు పంపిణీ సంస్థవారికి తెలుపవలయును. వారి సిబ్బంది వచ్చి సరఫరా నిలిపి, తీగను భూమికి కలిపి, తామే ఆ కొమ్మను తీయుదురు. “మా యూరి ట్రాన్స్‌ఫార్మరు ఫీజు మేమే తీసినాము, ఇక భయము లేదు” అను ధైర్యము పనికిరాదు. ఒక లైను ఆగినను ప్రక్క లైనులో కరెంటు ఉండవచ్చును. తెలియక ఎవ్వరైన ఫీజు మరల పెట్టవచ్చును.

పనికి ముందు

పనివానికి తలపై గట్టి టోపీయు, కండ్లకు అద్దములును, చేతులకు తొడుగులును, కాళ్లకు బూట్లును ఉండవలయును. పైకి చూచుచు చేయు పని గనుక రంపపుపొట్టు నేరుగ కండ్లలో బడును. మామిడి జీడియు, జీడిమామిడి రసమును చర్మమును పొక్కించును. కంటిలో బడినచో చెప్పనక్కఱలేదు. వదులు పంచె, మెడలోని కండువా తీసివేయవలయును.

కొమ్మలలో తేనెపట్టు, కందిరీగల గూడు, ఆకులు కుట్టి కట్టిన ఎఱ్ఱచీమల గూడు ఉన్నదేమో చూడవలయును. పక్షిగూటిలో గ్రుడ్లు గాని పిల్లలు గాని యున్నచో ఆ కొమ్మ కొన్నాళ్లు ఆగవచ్చును. చెట్టు చుట్టు 50 అడుగుల లోపల పిల్లలు, పశువులు లేకుండ జూడవలయును. పడిన కొమ్మలను ఏరుటకు ఆడవారును పిల్లలును తొందరపడి ముందుకు వత్తురు. ఒక మనుష్యుని కావలి నిలిపి, రంపము ఆగి నేలపై నుంచబడినదాక ఎవ్వరిని దగ్గఱకు రానీయరాదు. తప్పించుకొనుటకు వెనుకకు రెండు త్రోవలు రాళ్లు, తుప్పలు లేకుండ ముందే బాగుచేసికొనవలయును. వాన కురియునపుడును, గాలి బలముగ వీచునపుడును పని చేయరాదు. ఒంటరిగ నెన్నడును చేయరాదు.

నిలుచు చోటు

కొమ్మకు సరిగ క్రింద నిలువరాదు. ఇది ఎల్లరును చెప్పుమాటయే. ఎంత దూరమున నిలువవలయునో మనము లెక్కకట్టి చూతము. దోటిని నేలకు 60 డిగ్రీలకంటె నిటారుగ ఎత్తరాదని యంత్రపుస్తకములు చెప్పును. 10 అడుగుల దోటిని 60 డిగ్రీల వాలులో పట్టితి మనుకొనుడు. దాని కొన క్రింది పిడికంటె సుమారు 8½ అడుగుల యెత్తున నుండును. పిడి మన నడుమునొద్ద సుమారు 4 అడుగుల యెత్తున నుండును. మొత్తము 12½ అడుగులు. కొన మన పాదములకు 5 అడుగుల ముందు నుండును. ఇంత కెక్కువ అందవలెనని దోటిని నిటారుగ ఎత్తినకొలది కొమ్మ మన తలపైకి వచ్చును.

ఇందుండి రెండు సంగతులు తెలియవలయును. ఒకటి, దోటికి అందని కొమ్మ అందని కొమ్మయే. నిచ్చెన యెక్కి, ట్రాక్టరు ట్రక్కుపై నిలిచి, కొమ్మపై గూర్చుండి దోటి రంపమును వాడుట అపాయమునకు అపాయమును కలుపుట. చెట్టెక్కకుండుటకే దీనిని తెచ్చుకొంటిమి. దీనిని పట్టుకొని నిచ్చెన యెక్కుట యేమి తెలివి? రెండవది, 5 అడుగుల దూరము చాలదు. 8 అడుగుల కొమ్మ తెగి, దాని చివర ముందు నేలను తాకినచో, మొదలు ఎటు వ్రాలునో చెప్పలేము. అందుచేత పెద్దకొమ్మను కొననుండి ప్రారంభించి రెండు, మూడు అడుగుల ముక్కలుగ తీయుచు లోపలికి రావలయును. కొమ్మకు ఎదురుగ గాక ప్రక్కగ నిలువవలయును. కొమ్మ కదలుట చూచినంతనే స్విచ్చి వదలి, ముందుగ చూచుకొన్న త్రోవను వెనుకకు జరుగవలయును. పడుచున్న కొమ్మను దోటితో ఆపబోరాదు.

మూడు కోతలు

రెండు అంగుళములలోపు కొమ్మను పైనుండి ఒక్క కోతతో తీయవచ్చును. అంతకు లావైనదానికి మూడు కోతలు కావలయును. 8 అంగుళముల బారు గల రంపమునకు 6 అంగుళములకు మించిన కొమ్మను ఒప్పగింపరాదు.

మొదటి కోత క్రిందినుండి. కొమ్మ పుట్టిన చోటికి ఒక అడుగు అవతల, క్రిందిప్రక్కను కొమ్మ లావులో నాల్గవ వంతు లోతు కోయవలయును. బారు పైయంచుతో కోయునపుడు గొలుసు యంత్రమును మనవైపునకు త్రోయును. దోటిని గట్టిగ పట్టవలయును. అంతకు లోతు పోయినచో కొమ్మ బరువునకు కోత మూసికొని బారు ఇఱుకుకొనును. రెండవ కోత, దానికి రెండు మూడంగుళములు అవతల, పైనుండి. ఇప్పుడు కొమ్మ విఱిగి పడును; క్రింది కోత యడ్డముండుటచే బెరడు చీలిక కాండముదాక ప్రాకదు. ఈ మొదటి కోతను మానిన రైతు, కొమ్మ పడునపుడు కాండము పొడవున బెరడు ఊడి వచ్చుట చూచును. ఆ గాయము ఏండ్లకు గాని మానదు. మూడవ కోత మిగిలిన మోడును తీయుటకు.

రంపమును కొమ్మపై ఆనించుటకు ముందే గొలుసు పూర్తివేగమున తిరుగవలయును. పిదప యంత్రపు బరువే కోయును. మనము లాగనక్కఱలేదు, ఒత్తనక్కఱలేదు. బారు కొన పైమూల ఏ కొమ్మకును తగులరాదు; తగిలినచో రంపము ఎగిరి వెనుకకు తన్నును. బారు ఇఱుకుకొన్నచో స్విచ్చి నాపి, బ్యాటరీ తీసి, కొక్కెముగల వేఱొక దోటితో కొమ్మను ఎత్తి విడిపింపవలయును.

గాయము మానుట

మూడవ కోత ఎచ్చట కోయవలయును? మన పెద్దలలో కొందఱు కాండమునకు చదునుగ చెక్కివేయుట నీటని తలతురు. కొందఱు జానెడు మోడు విడిచివేయుదురు. రెండును తగవు. కొమ్మ కాండమునుండి పుట్టుచోట కంకణమువలె కొంచెము ఉబ్బియుండును. అమెరికాదేశపు అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది మొద్దులను నిలువున చీల్చి పరీక్షించి, చెట్టు గాయమును మన చర్మమువలె క్రొత్త కండతో నింపుకొనదనియు, కుళ్లు లోనికి వ్యాపింపకుండ గోడలు కట్టుకొని, దానిపై క్రొత్త చెక్కను పెంచుకొనుననియు వివరించెను. అతడు 1977లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున ప్రసిద్ధమైనది. ఆ గోడ కట్టు శక్తి కంకణమునందే యున్నది. దానిని చెక్కివేసినచో తలుపు తీసి దొంగను పిలిచినట్లగును. జానెడు మోడు విడిచినచో అది ఎండి కుళ్లి ఆ త్రోవనే పురుగు ప్రవేశించును. కావున కంకణమును ముట్టక, దానిని ఆనుకొని వెలుపల కోయవలయును.

గాయమునకు తారు, రంగు పూయుటవలన కుళ్లు ఆగదని ఈ పరిశోధనలే తెలిపినవి. అయినను మామిడికి వానకాలమున ఎండుతెగులు పట్టు భయ మున్నందున, పెద్ద కోతలకు బోర్డోముద్ద పూయవలెనని మన ఉద్యానశాఖవారు చెప్పుదురు. దానిని ఇంటనే చేసికొనవచ్చును. ఒక కిలో మైలుతుత్తమును 5 లీటర్ల నీటిలో, ఒక కిలో సున్నమును వేఱుగ 5 లీటర్ల నీటిలో, ప్లాస్టిక్కు తొట్లలో గాని మట్టితొట్లలో గాని కలిపి, రెండింటిని మూడవ తొట్టిలో పోసి కలియబెట్టవలయును. ఇనుపతొట్టి కూడదు. మెఱుగుపెట్టిన చాకును అందులో ముంచి తీసినపుడు రాగిరంగు పట్టినచో ఇంకను కొంత సున్నము చేర్పవలయును. ఆనాడు చేసినది ఆనాడే వాడవలయును. ఎత్తున పూయుటకు పాత దోటి కొనకు కుంచె కట్టుకొన్న చాలును.

గొలుసు, నూనె, బ్యాటరీ

గొలుసును ముట్టుటకు ముందు బ్యాటరీని ఊడదీయవలయును. ఈ నియమమునకు మినహాయింపు లేదు. గొలుసును వ్రేళ్లతో కొంచెము పైకి లాగి విడిచినచో తిరిగి బారును అంటవలయును. వ్రేలాడరాదు, బిగిసికొని తిరుగక పోరాదు. క్రొత్త గొలుసు మొదటి గంటలో సాగును గనుక పలుమాఱులు చూచుకొనవలయును. నూనెతొట్టిలో గొలుసురంపపు నూనె పోయవలయును. మోటారుసైకిలునుండి తీసిన నల్లనూనె పోయుట పొదుపు కాదు. అందలి ఇనుపరజను బారును అరగదీయును. రంపము పలుకులు పలుకులుగ పొట్టు రాల్చుచున్నచో పదునున్నట్లు. పిండివంటి ధూళి రాల్చుచున్నచో పదును పోయినట్లు. అప్పుడు గొలుసునకు తగిన గుండ్రని ఆకురాయితో ప్రతి పంటిని ఒకే వాలున, సమానమైన లెక్కతో రాయవలయును.

బ్యాటరీని ఎండలో ఉంచరాదు. మన ప్రాంతపు మే నెలలో రేకుల పాకలోను, మూసిన కారులోను వేడి దానిని చెఱచును. పని ముగిసిన వెంటనే వేడిగనున్నదానిని ఛార్జరులో పెట్టక చల్లాఱనీయవలయును. కొన్ని నెలలు పని లేనపుడు సగము ఛార్జితో చల్లని పొడిచోట దాచవలయును. ఉబ్బినదానిని, పగిలినదానిని వాడరాదు, ఛార్జి చేయరాదు, చెత్తలో కాల్చరాదు.

తుపాను పిమ్మట

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునొద్ద తీరము దాటెను. చోడవరము ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిలునుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఆ గాలికి మామిడి, జీడిమామిడి, కొబ్బరి తోటలు ఎట్లు నేలగూలెనో మనవారికి జ్ఞాపకమే. వేళ్లతో పెల్లగిలు చెట్టును ఏ కత్తిరింపును ఆపలేకపోవచ్చును. కాని ఎండుకొమ్మలును, చీలిన పంగలును మొదట విఱిగి యిండ్లపైనను తీగలపైనను పడును. అక్టోబరు, నవంబరు తుపానుల కాలమునకు ముందే వాటిని తీసియుంచుట వివేకము. తుపాను పిమ్మట సగము విఱిగి వ్రేలాడు కొమ్మలు మిక్కిలి అపాయకరములు. బిగువులో నున్న కొమ్మ కోయగనే విల్లువలె కొట్టును. తెగిపడిన తీగలున్న చోట అడుగే పెట్టరాదు.

సంఘము చేయదగినది

ఒక రైతుకు దోటి రంపముతో ఏడాదికి కొలది దినములే పని. మిగిలిన దినములు అది గోడకు వ్రేలాడుచు, బ్యాటరీ చెడిపోవుచుండును. కావున ప్రతివారును ఒక్కొక్కటి కొనుటకంటె సంఘము ఒకటి కొని, అదనపు బ్యాటరీ ఒకటి, అదనపు గొలుసులు రెండు ఉంచి సభ్యులకు అద్దె కిచ్చుట మేలు. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది మొదలు సహకారము నేర్పిన పాఠ మిదియే: ఒక్కనికి భారమైనది పదుగురికి తేలిక. గోవాడలో రైతులు వాటాలు వేసికొని చక్కెర కర్మాగారమునే నిలిపిరి. ఒక దోటి రంపమును నిలుపలేరా?

అద్దెకిచ్చు పద్ధతి మాత్రము కట్టుదిట్టముగ నుండవలయును. యంత్రమొక్కటి యిచ్చి పంపరాదు. టోపీ, కండ్లద్దములు, తొడుగులు దానితోడనే పోవలయును, దానితోడనే రావలయును. యంత్రమును నడుపుటకు గ్రామమునకు ఇద్దఱు యువకులకు ముందు నేలపై పడియున్న దుంగలమీదను, పిదప తక్కువ యెత్తు కొమ్మలమీదను అభ్యాసము చేయింపవలయును. నేర్వనివాని చేతికి ఈయరాదు. సంఘాధ్యక్షుని కొడుకైనను ఈయరాదు. ఒక పుస్తకమున తీసికొన్నవాని పేరు, తేదీ, తిరిగి యిచ్చినపుడు గొలుసు స్థితి వ్రాసియుంచవలయును. ఇంతవఱకు చెట్లెక్కి కత్తిరించుచు బ్రతికిన కూలివానినే మొదట పిలిచి నేర్పుట న్యాయము. ఏ కొమ్మ ఎటు వ్రాలునో అతనికి తెలిసినంత మనకు తెలియదు. యంత్రము వచ్చినదని అతని కూలి పోగొట్టుటకంటె, యంత్రముతో అతనిని నేలపై నిలుపుట మేలు.

పాఠసారము

సభ్యులు పనికి పోవునపుడు ఈ ప్రశ్నలను తమలో తాము వేసికొందురుగాక. 50 అడుగుల లోపల తీగ యున్నదా? తోడు మనుష్యుడు గలడా? తలకు, కండ్లకు రక్షణ యున్నదా? పాదములు నేలమీదనే యున్నవా? దోటి 60 డిగ్రీలకు మించి నిటారుగ నున్నదా? కొమ్మ పడు చోటును, నేను తప్పుకొను త్రోవయు చూచుకొంటినా? క్రింది కోత కోసితినా? కంకణమును విడిచితినా? ఈ యెనిమిదింటిలో ఏ యొక్కదానికి తగిన సమాధానము లేకున్నను ఆనాటికి రంపమును క్రింద బెట్టవలయును. కొమ్మ రేపటికిని అక్కడనే యుండును. మనుష్యుని సంగతి అట్లు కాదు.